బాక్స్ మీద వాట్స్ కాదు, ఫోన్ దాకా వచ్చే వాట్స్ చూడండి

కొత్త ఫోన్ లాంచ్ అయిన ప్రతిసారీ ఒకటే గోల. 67 వాట్స్, 80 వాట్స్, 120 వాట్స్! నంబర్ ఎంత పెద్దదైతే చార్జర్ అంత గొప్పదన్నట్టు మాట్లాడుకుంటున్నాం. కానీ నన్నడిగితే, కేబుల్ గురించి ఒక్క మాట కూడా చెప్పని చార్జింగ్ రివ్యూ సగం రివ్యూనే.

ఎందుకంటారా? స్కూల్లో చదివిన రెండు సూత్రాలు చాలు. వోల్టేజ్‌ని కరెంట్‌తో గుణిస్తే పవర్, అంటే వాట్స్ వస్తాయి. భాగిస్తే రెసిస్టెన్స్, అంటే ఓమ్స్ వస్తాయి.

మామూలు 5 వోల్ట్స్ చార్జింగే తీసుకుందాం. యూఎస్‌బీ మీటర్‌ని చార్జర్ దగ్గర పెడితే 5 వోల్ట్స్, 2 ఆంప్స్ చూపించిందనుకోండి. 5 × 2 = 10 వాట్స్. ఇప్పుడు అదే మీటర్‌ని కేబుల్ చివర, ఫోన్‌కి ముందు పెట్టండి. కరెంట్ అదే 2 ఆంప్స్, కానీ వోల్టేజ్ 4.5కి పడిపోయింది. అంటే ఫోన్‌కి అందింది 9 వాట్సే. మిగతా 1 వాట్ కేబుల్‌లో వేడిగా పోయింది.

మరి కేబుల్ రెసిస్టెన్స్ ఎంత? ఇక్కడ 5ని 2తో భాగించకూడదు. కేబుల్‌లో పడిపోయిన 0.5 వోల్ట్స్‌నే 2తో భాగించాలి. 0.25 ఓమ్ వస్తుంది. చూడ్డానికి చిన్న నంబరే. కానీ కరెంట్ రెట్టింపైతే నష్టం నాలుగింతలవుతుంది. అదే కేబుల్‌లో 4 ఆంప్స్ పంపితే 1 వోల్ట్ పడిపోయి, 4 వాట్స్ వేడిగా పోతాయి. ఒప్పో మొదటి వూక్ చార్జింగ్ 5 వోల్ట్స్, 4 ఆంప్స్‌తోనే నడిచేది. దానికి ప్రత్యేకమైన కేబుల్ ఎందుకిచ్చారో ఇప్పుడు అర్థమైంది కదా!

యూఎస్‌బీ పవర్ డెలివరీ వేరే దారి పట్టింది. కరెంట్ పెంచే బదులు వోల్టేజ్ పెంచింది. పైన చెప్పిన 10 వాట్స్‌నే 9 వోల్ట్స్ దగ్గర పంపితే సుమారు 1.1 ఆంప్స్ చాలు. అదే కేబుల్‌లో నష్టం 0.3 వాట్‌కి దిగుతుంది. పెద్ద కరెంటు టవర్ల మీద హైటెన్షన్ లైన్లు వేసేదీ ఈ లెక్కతోనే.

"సామాన్య యూజర్‌కి ఇవన్నీ ఎందుకు బ్రో?" అని అడిగేవాళ్లుంటారు. నిజమే, ఫోన్ కొనే ప్రతి ఒక్కరూ మీటర్ పట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఆ పని రివ్యూ రాసే మాలాంటి వాళ్లు చెయ్యాలి. కేబుల్ ప్యాకెట్ మీద "ఫాస్ట్ చార్జింగ్" అని పెద్దగా రాస్తారు గానీ, ఎన్ని ఓమ్స్ అని రాసింది నేనైతే చూడలేదు. ఆ ఖాళీని మేం నింపకపోతే ఇంకెవరు నింపుతారు?

మీరు చేయాల్సిందల్లా ఒక్కటే. చార్జింగ్ స్లో అయితే వెంటనే కొత్త చార్జర్ ఆర్డర్ పెట్టకండి. ముందు వేరే మంచి కేబుల్‌తో, పొట్టిగా, కాస్త లావుగా ఉన్నదానితో ట్రై చేయండి. మీటర్ ఉంటే బ్యాటరీ 20 నుంచి 50 శాతం మధ్య ఉన్నప్పుడు కొలవండి. నిండే కొద్దీ ఫోనే కరెంట్ తగ్గించేస్తుంది, అప్పుడు రెండు కేబుళ్లని పోల్చి చూడటం కుదరదు. వేలు ఖర్చు పెట్టే ముందు రెండు నిమిషాల లెక్క, అంతే!