లెక్కకెక్కని ఆట

మా చిలమత్తూరు వైపు బాలికల ఆటల పోటీలు ముగియగానే బహుమతి ప్రదాన సభలో ఒక ప్రశ్న తప్పక వినవస్తుంది: “ఎక్కువ పాయింట్లు చేసిన అమ్మాయి ఎవరు?” ఆ ఒక్క అంకెతోనే ఆటను తూచడం న్యాయం కాదని నా అభిప్రాయం.

2024 ఏప్రిల్ 7న అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో కళాశాలల మహిళా బాస్కెట్‌బాల్ అంతిమ పోటీ జరిగింది. ఐయోవా జట్టులోని కేట్లిన్ క్లార్క్ కళాశాల క్రీడాజీవితంలో 3,951 పాయింట్లు సాధించి చరిత్రకెక్కిన యువతి. ఆనాడు సైతం 30 పాయింట్లు చేసింది. అయినా సౌత్ కరోలినా జట్టు 87-75తో గెలిచింది. కారణం అంకెలలోనే ఉన్నది. గురి తప్పి వెనుదిరిగిన బంతిని, అనగా రీబౌండును, ఆ జట్టు 51 మార్లు అందుకోగా ఐయోవా 29 మార్లే అందుకున్నది. బెంచి మీదినుండి లేచివచ్చిన సౌత్ కరోలినా బాలికలు 37 పాయింట్లు చేయగా, ఐయోవా పక్షాన అట్లు వచ్చినవారు చేసినది సున్న.

హైదరాబాదులో పెరిగిన మన మిథాలీ రాజ్ మాటేమిటి? ఒకరోజు క్రికెట్‌లో 7,805 పరుగులు ఆమెవి. ఆమె నాయకత్వంలో 2005లోనూ, 2017లోనూ ప్రపంచకప్పు అంతిమ పోటీకి చేరి ఓడిపోయాము. రెండవసారి తేడా 9 పరుగులే. అది ఆమె కొరత కాదు. గెలుపు ఒక్కరి అంకెలో ఇమడదు, అంతే.

అట్లని లెక్కలే వలదనడం పొరపాటు. కంటికి బుట్టలో బంతి వేసిన పిల్లే కనబడుతుంది. బంతి అందించిన పిల్ల కనబడదు. డీన్ ఆలివర్ అనే విశ్లేషకుడు 2004లో వెలువరించిన గ్రంథంలో గెలుపుకు నాలుగు మూలాలు చెప్పాడు: గురి, బంతిని చేజార్చుకోకుండుట, రీబౌండు, ఫ్రీ త్రో. వీటిలో రెంటికి మన సభలలో చప్పట్లు లేవు.

విభక్తి ప్రత్యయాలు చూడటానికి చిన్నవి. అవి లేకుంటే ఎంత గంభీరమైన పదాలైనా వాక్యం కావు. జట్టులోనూ అట్టి పిల్లలుంటారు. తమను ఎవరూ గుర్తించకపోగా వారు మెల్లగా మైదానానికి దూరమవుతారు. అది మనం కనీసం ఓటమిగానైనా లెక్కించని ఓటమి.

కావున వ్యాయామోపాధ్యాయులకు నా మనవి: ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు చాలు. ఎవరు బంతి అందించారు, ఎవరు రీబౌండు పట్టారు, ఎవరు చేజార్చుకున్నారు, ఎవరు మైదానంలో ఉన్నప్పుడు జట్టు ముందంజ వేసింది, ఇవి వ్రాయండి. బహుమతి నాడు ఆ పుట కూడా చదవండి. తన పేరు విన్న పిల్ల మరునాడు కూడా ఆటకు వస్తుంది.