ఒకే వారము: ఎండయు, మంచును

2019 జనవరి 24వ తేదీన దక్షిణ ఆస్ట్రేలియా ముఖ్యపట్టణమగు అడిలైడునందు ఉష్ణమానము 46.6 డిగ్రీలకు జేరినది. 1939 మొదలు నిలిచియున్న 46.1 డిగ్రీల రికార్డు దానితో వెనుకబడినది. ఆరు దినములు గడచెనో లేదో, అమెరికాలోని చికాగో నగరమున ఉష్ణమానము సున్నకు దిగువ 30 డిగ్రీలు దాటినది. మఱునాడు అదే ఇల్లినాయ్ రాష్ట్రములోని మౌంట్ కారల్ అను చిన్న యూర సున్నకు దిగువ 38.9 డిగ్రీలు, ఆ రాష్ట్రమున అంతకు మించిన చలి అంతవరకు నమోదు కాలేదు. ఒక ఖండమున డార్లింగు నదిలో చేపలు లక్షలకొలది చచ్చి తేలినవి. మఱొక ఖండమున పలు రాష్ట్రములలో తపాలాశాఖవారు ఉత్తరములు పంచుటయే మానుకొనిరి. పట్టాలు కలియుచోట్ల మంటలు పెట్టి రైళ్లు నడపిరి. ఒక బిడ్డను మెల్‌బోర్నుకును మఱొక బిడ్డను చికాగోకును పంపిన తలిదండ్రులు మన పట్టణములలో నేడు అరుదు కారు. వారికి ఈ వార్తలు దూరదేశపు వింతలు కావు.

జనవరి మాసము మనకు సంక్రాంతి చలి, వారికి నడివేసవి. భూమి ఇరుసు 23.5 డిగ్రీలు ఒరిగియుండుటయే దీనికి కారణమని బడిపిల్లలును చెప్పగలరు. కాని ఆ యేటి తీవ్రతకు ఆ పాఠము చాలదు. ఉత్తరధ్రువముపై శీతకాలమున చలిగాలి వలయముగా తిరుగుచుండును. ఆ సంవత్సరాది దినములలో వాతావరణపు పైపొర హఠాత్తుగా వేడెక్కి, ఆ వలయము ముక్కలైనది; తరువాత ఒక ముక్క అమెరికాపైకి జారినది. ఆస్ట్రేలియాలోనో, ఉత్తరతీరమునకు రావలసిన వర్షఋతువు ఆలస్యమైనది. మబ్బులేని ఎడారినేలపై వేడి పేరుకొని, గాలితో దక్షిణపు పట్టణములమీదికి వచ్చిపడినది. రెండింటికిని కారణములు వేఱు.

ఆ చలిలోనే అమెరికా అధ్యక్షుడుగా నుండిన ట్రంపుగారు భూతాపము ఎక్కడికి బోయినదో త్వరగా తిరిగి రావలెనని ఎగతాళి చేసిరి. జిల్లాలో ఒక చెఱువు నిండినదని చూపి కరువు దావాను కొట్టివేయుమను వకీలు వాదము వంటిది ఇది. సాక్ష్యమంతయు చూడవలెను. అమెరికా కేంద్రముల లెక్కలలో 1950 ప్రాంతమున ఎండ రికార్డులును చలి రికార్డులును ఇంచుమించు సమానము. 2000 తరువాతి దశాబ్దమున ఒక్క చలి రికార్డునకు రెండు ఎండ రికార్డులు. ఆస్ట్రేలియా దేశమంతటి సగటు ఉష్ణమానము ఒక మాసమునందు 30 డిగ్రీలు దాటుట 2019 జనవరిలోనే మొదటిసారి. చలి రాదని శాస్త్రజ్ఞు లెవ్వరును చెప్పలేదు. తరాజు ఏ ప్రక్కకు మొగ్గుచున్నదో చెప్పిరి.

ఎండగాని చలిగాని మనుష్యులను వరుసగా చంపదు, ఏరి చంపును. ఈ చికాగోలోనే 1995 జూలైలో ఎండవలన 700 మందికి పైగా మరణించిరి. వారిలో అనేకులు పేదవాడలలో, దొంగల భయమున కిటికీలు మూసికొని ఒంటరిగా బ్రదుకుచుండిన వృద్ధులు. 2019 చలిలో గుడారములలో తలదాచుకొనిన నిరాశ్రయులకు ఆ నగరమున ఒక సామాన్య స్త్రీ తన సొమ్ముతో హోటలు గదులు తీసి యిచ్చినది. ఆమె దయకు నమస్కారము. అంత సంపన్న నగరమున ఆ పని ఒక వ్యక్తికి మిగులుట మాత్రము మాకు సమ్మతము కాదు.

మనము వారిని తప్పుపట్టి యూరకుండుటకు వీలులేదు. 2015 మే మాసపు వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో కలిపి 1,500 మందికి పైగా ప్రాణములు విడిచిరి. వారిలో పెక్కురు కూలీలు, వృద్ధులు. దక్షిణ ఆస్ట్రేలియాలో ఎండలు ముదిరినపుడు రెడ్ క్రాస్ స్వచ్ఛంద సేవకులు ముందుగా పేర్లు వ్రాయించుకొనిన ఒంటరివారిని టెలిఫోనులో పలుకరింతురు. బదులు రానిచో మనిషిని పంపుదురు. దీనికి గొప్ప ధనము అక్కఱలేదు. మన పురపాలక సంఘములును, పఠనమందిరముల యువకులును పేటపేటకు తిరిగి అట్టి పట్టిక వ్రాయవచ్చును. ఉగాదిలోపల అది సిద్ధము కావలెను.