కంప్యూటర్ కబుర్లు: గడిచిన కాలానికి లెక్క

ఖిదిర్‌పూర్ రేవు చెంత నివసించే మన కుటుంబాలకు కాలం విలువ ప్రత్యేకించి చెప్పనవసరం లేదు. హుగ్లీ నది పోటు వేళకు సిద్ధంగా లేని ఓడ మరుసటి పోటు వరకు వేచి ఉండవలసిందే.

కాలగణనలో ఈ నగరానికి ఒక విశేషమున్నది. 1906 జనవరి 1న భారత ప్రామాణిక కాలం అమలులోనికి వచ్చినప్పటికీ, కలకత్తా 1948 వరకు తన స్థానిక కాలాన్నే పాటించింది. రెండింటికీ నడుమ సుమారు 23 నిమిషాల తేడా. అయినా ఒక ఓడ నుండి సరుకు దింపడానికి 6 గంటలు పట్టినట్లయితే, ఏ గడియారం చూచి లెక్కించినా ఆ 6 గంటలు మారవు. మొదలు, తుది ఒకే గడియారంలో చూడాలి. ఆ గడియారం నిలకడగా నడవాలి. అంతే.

ప్రోగ్రాము పని చేసిన కాలాన్ని కొలవడానికీ ఇదే సూత్రం. పూర్వపు పర్సనల్ కంప్యూటర్లలోని గడియారం సెకనుకు సుమారు 18 మార్లు మాత్రమే ముందుకు కదిలేది. అనగా సెకనులో 18వ వంతు కన్న తక్కువ కాలం దానికి కనిపించదు. 1993లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన పెంటియం ప్రాసెసరులో టైమ్ స్టాంప్ కౌంటర్ అనే 64 బిట్ల రిజిస్టరును అమర్చారు. ప్రాసెసరు గడియారపు ప్రతి స్పందనకూ దానిలోని సంఖ్య ఒకటి చొప్పున పెరుగుతుంది. 100 మెగాహెర్ట్జ్ ప్రాసెసరులో ఒక్కొక్క స్పందన సెకనులో 10 కోట్లవ వంతు. పనికి ముందొకసారి, తరువాత ఒకసారి ఆ సంఖ్యను చదివి, తేడాను 10 కోట్లతో భాగించాలి. తేడా 25 లక్షలైతే గడిచిన కాలం సెకనులో 40వ వంతు. 64 బిట్లకు బదులు దిగువ 32 బిట్లనే చదివితే, 43 సెకన్లలోపే లెక్క తిరిగి సున్నకు వస్తుందని మరువరాదు.

ఇంత సూక్ష్మమైన సాధనం చేతిలో ఉండి కూడా మేము ఒకసారి పొరబడ్డాము. మా విభాగంలో ఒక యువ సహోద్యోగి జీతాల లెక్కల ప్రోగ్రామును కొత్త పద్ధతిలో వ్రాశారు. మేము ముందు కొత్తదానిని, వెనువెంటనే పాతదానిని నడిపి కొలిచాము. కొత్తదానికి 6 సెకన్లు, పాతదానికి 5 సెకన్లు వచ్చాయి. “పాతదే మేలు నాయనా” అని తీర్పు చెప్పాము. ఆ అబ్బాయి మారుమాట్లాడక తన కాగితాలు తీసుకొని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి మాకు సందేహం కలిగింది. మరునాడు ఉదయం యంత్రాన్ని ఆపి, తిరిగి ప్రారంభించి, వరుస మార్చి చూచాము. పాతదానికి 8, కొత్తదానికి 3 సెకన్లు! డిస్కు నుండి సమాచారాన్ని మెమరీలోనికి తెచ్చే 3 సెకన్ల భారం మొదట నడిచిన ప్రోగ్రాము మీదనే పడుతున్నదన్న మాట. చల్లని పెనం మీద తొలి అట్టు పోసినవారికీ, కాగిన పెనం మీద మలి అట్టు పోసినవారికీ పోటీ పెట్టినట్లయింది. సమాచారం మెమరీలో ఉండగా పలుమార్లు కొలిచినప్పుడు పాతదానికి 5, కొత్తదానికి 3 సెకన్లే వచ్చాయి. ఆ యువకుని పిలిచి అందరి యెదుట మా తప్పు ఒప్పుకొన్నాము.

మరి రెండు జాగ్రత్తలు. 1995 నాటి పెంటియం ప్రో మొదలుకొని ప్రాసెసర్లు ఆదేశాలను వరుస తప్పించి కూడా నిర్వర్తిస్తాయి. కనుక కొలత మొదలు, తుదులలో ముందరి పని ముగిసేవరకు ఆగేటట్లు తగిన ఆదేశం చేర్చాలి. ఇక నేటి ప్రాసెసర్లు విద్యుత్తు ఆదా కోసం తమ వేగాన్ని మార్చుకొన్నా, వాటిలో చాలావరకు ఈ కౌంటరు మాత్రం ఒకే వేగంతో నడుస్తుంది. అందుచేత అది చెప్పేది గడిచిన కాలమే గాని, ప్రాసెసరు చేసిన శ్రమ కాదు.

రిజిస్టరు ఎంత కాలం గడిచిందో చెబుతుంది. ఎవరి వలన గడిచిందో చెప్పదు. ఆ రెండవది విచారించవలసినవారము మనమే. ఒకరి పనిని అంకెలతో తూచే ముందు, వరుస మార్చి మరొకసారి కొలవడం మన ధర్మం.