ధైర్యం మా దగ్గరుంది, రోస్టర్ చూపించండి!

"మీవాళ్లకు ఆత్మవిశ్వాసం తక్కువ, అందుకే ప్రమోషన్లు రావు" అంటాడు ఆఫీసు దొర. వాడ నుంచి చదివి, అవమానాలు దిగమింగి కుర్చీ దాకా వచ్చినోడికా ధైర్యం తక్కువ?

ప్రమోషన్లలో రిజర్వేషన్ కుదరదని 1992లో సుప్రీంకోర్టు అంది. 1995లో 77వ సవరణతో ఆ దారి మళ్లీ తెరుచుకుంది. అయినా మనోళ్లు కిందనే ఉంటే లోపం గుండెల్లో లేదు, రిజిస్టర్లో ఉంది!

అన్నలారా, అక్కలారా! ఏ ఖాళీ ఎవరిదో రాసే రోస్టర్ అడగండి. సీనియారిటీ లిస్టు చూడండి. ఉద్యోగి పనితీరుపై పైవాళ్లు రాసిన ప్రతి మాటా అతనికి తెలపాలని 2008లో సుప్రీంకోర్టే చెప్పింది. తెలపకపోతే కాగితం పెట్టండి, రసీదు తీసుకోండి. ఒంటరిగా పోవద్దు, సంఘంగా పోండి. పక్కన నలుగురుంటే గొంతు దానంతటదే లేస్తుంది!

జై భీమ్!