దేశానికి అమీర్, ఇంటికి కఫీల్

కువైట్‌ను ఎవరు పాలిస్తే మనకేమిటి? గల్ఫ్ వలసల గురించి మాట్లాడినప్పుడల్లా ఎదురయ్యే ప్రశ్న ఇది. వాళ్ళ రాజ్యం, వాళ్ళ చట్టం; మనవాళ్ళు నాలుగు పైసలు సంపాదించుకోవడానికి పోయారు, తలవంచుకుని పనిచేసుకుని రావాలి అంటారు. ఈ మాట అనడానికి బోధన్‌కు అసలే అర్హత లేదు. 1948 దాకా నిజాం ఫర్మానాల కింద బతికిన నేల ఇది. ఇక్కడి చక్కెర ఫ్యాక్టరీ కూడా నిజాం పేరుతోనే పుట్టింది. 2015 డిసెంబరులో అది మూతపడటానికి చాలా ముందే ఈ ప్రాంతపు మగవాళ్ళు గల్ఫ్ బాట పట్టారు. ఒక సంస్థానం నుంచి బయటపడిన వాళ్ళ మనవలు మరికొన్ని సంస్థానాలలో కూలీలయ్యారు.

కువైట్ పాలన స్వరూపం చూద్దాం. 1962 రాజ్యాంగం ప్రకారం గద్దె ముబారక్ అల్ సబా సంతతికే చెందుతుంది. ప్రధానిని నియమించేదీ తొలగించేదీ అమీరే. యాభై మంది ఎన్నికైన సభ్యులున్న జాతీయ సభకు మంత్రులను నిలదీసే అధికారం ఉండేది. 1976లోనూ 1986లోనూ అమీర్లు ఆ సభను మూసివేసి ఏళ్ళ తరబడి తెరవలేదు. 2024 మే 10న అమీర్ మిషల్ మళ్ళీ సభను రద్దుచేసి, రాజ్యాంగంలోని కొన్ని అధికరణాలను నాలుగేళ్ళకు మించని కాలానికి పక్కనపెట్టాడు. సభ చేయాల్సిన చట్టాలు అప్పటినుంచి డిక్రీల రూపంలో వస్తున్నాయి.

దీన్ని సమర్థించేవాళ్ళు స్త్రీలనే అడ్డం పెట్టుకుంటారు. 1999లో స్త్రీలకు ఓటుహక్కు ఇస్తూ డిక్రీ జారీచేసింది అమీర్, దాన్ని తిరస్కరించింది ఎన్నికైన మగవాళ్ళ సభ. కాబట్టి స్త్రీలకు రాజే మేలు అంటారు. ఆ సభ పితృస్వామ్య స్వభావాన్ని మనం వెనకేసుకు రానక్కరలేదు. కానీ ఓటు అమీర్ దయవల్ల రాలేదు. కువైటీ స్త్రీలు ఏళ్ళ తరబడి పోరాడితే 2005 మే 16న అదే సభ 35–23 ఓట్లతో ఒప్పుకోక తప్పలేదు. 2009లో నలుగురు స్త్రీలు సభలో అడుగుపెట్టారు. ఇవాళ వాళ్ళ ఓటు ఉంది, ఓటువేసి పంపే సభ లేదు.

2025లో మరో డిక్రీ వచ్చింది. పరాయి మగవాడితో ఉందని భార్యనో కూతురినో చెల్లెలినో చంపిన మగవాడికి మూడేళ్ళకు మించని శిక్షతో సరిపెట్టే 153వ అధికరణ రద్దయింది. మంచిదే. అయితే ఆ మార్పు కోసం ఏళ్ళుగా పోరాడింది కువైటీ స్త్రీలేనని మరచిపోకూడదు. పైగా, పెళ్ళి ద్వారా పౌరసత్వం పొందిన వేలాదిమంది స్త్రీల పౌరసత్వాన్ని 2024 నుంచి రద్దుచేసిందీ ఈ డిక్రీల పాలనే. ఫర్మానాతో వచ్చింది ఫర్మానాతోనే పోతుంది. దయకూ హక్కుకూ తేడా అదే.

అమీర్‌కు పౌరులెలాగో కఫీల్‌కు కూలీ అలాగ. కువైట్ జనాభాలో మూడింట రెండు వంతులు విదేశీయులే. వాళ్ళ అకామా కఫీల్ చేతిలో ఉంటుంది. కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి వెళ్ళిన స్త్రీకి పనిచేసే చోటు, పడుకునే చోటు, యజమాని ఇల్లు అన్నీ ఒకటే. 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం రోజుకు పన్నెండు గంటలకు మించని పని, వారానికొక సెలవు అన్నది. ఆ ఇంటి గడప దాటి దాన్ని అమలుచేసేదెవరు? ఫిర్యాదు చేయాలంటే ఆమె బయటికి రావాలి. బయటికి వస్తే పారిపోయిందని కఫీల్ ఎదురు ఫిర్యాదు చేస్తాడు. ఆ క్షణం నుంచి ఆమె ఖల్లివెల్లి. బాధితురాలే నేరస్థురాలవుతుంది. మన జిల్లా నుంచి వెళ్ళిన మగవాడు అలా ఖల్లివెల్లి అయితే, ఇక్కడ బీడీలు చుడుతూ అప్పుకు వడ్డీ కట్టేది అతని భార్య.

మరి మన ప్రభుత్వం చేసిందేమిటి? ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న స్త్రీ ముప్పై ఏళ్ళు నిండకుండా గల్ఫ్‌లో పనికి వెళ్ళరాదంది. అదే పాస్‌పోర్టున్న మగవాడికి ఆ అడ్డు లేదు. ఇది రక్షణ కాదు, స్త్రీని మైనరుగా చూడటం. పని అవసరమైన స్త్రీ ఆగదు. ఏజెంటు చెప్పిన దొడ్డిదారిన, విజిట్ వీసాతో వెళుతుంది. ఏ రికార్డులోనూ ఉండదు. కఫీల్ తాళం వేస్తే, మన చట్టం ఆ తాళంచెవిని ఏజెంటుకు అప్పగిస్తుంది. ఫిలిప్పీన్స్ 2018లో పంపడం ఆపి, కార్మికుల పాస్‌పోర్టులు యజమానులు ఉంచుకోరాదన్న ఒప్పందాన్ని అదే ఏడాది మే నెలలో రాబట్టింది. ఆ ఒప్పందంతో కష్టాలన్నీ తీరలేదు. కానీ అడిగేది యజమానిని కావాలి, అడ్డుకునేది స్త్రీని కాదు.

కాబట్టి మన డిమాండ్లు ఇవి. స్త్రీలకు మాత్రమే ఉన్న వయసు ఆంక్షను ఎత్తివేయాలి. ఇంటిపని కార్మికుల గురించి 2021లో భారత్, కువైట్ చేసుకున్న ఒప్పందం వెళ్ళే ప్రతి స్త్రీ చేతిలో తెలుగులో ఉండాలి. గల్ఫ్‌లోని మన రాయబార కార్యాలయాల్లో తెలుగు తెలిసిన స్త్రీ సిబ్బంది ఉండాలి. దాడి, జీతం ఎగవేత గురించి ఫిర్యాదు చేసిన కార్మికుల మీద ‘పరారీ’ కేసు చెల్లకూడదని భారత ప్రభుత్వం పట్టుబట్టాలి.

సభ తలుపులు తెరవాలని అడిగే కువైటీ స్త్రీ, ఇంటి తలుపు తెరవాలని అడిగే తెలుగు స్త్రీ ఇవాళ ఒకే దేశంలో ఒకరికొకరు యజమాని, పనిమనిషిగా ఉన్నారు. ఆ వర్గభేదాన్ని మనం దాచిపెట్టం. అయితే ఇద్దరిమీదా సంరక్షకుణ్ణి నిలబెట్టింది ఒకే వ్యవస్థ. అందుకే కువైట్‌ను ఎవరు పాలిస్తున్నారన్నది బోధన్ స్త్రీల ప్రశ్న కూడా.