పొంగిపొరలు ఉత్తరముల పెట్టె

పూర్వము మన యిండ్లలో గోడకు ఇనుపతీగ యొకటి వ్రేలాడుచుండెడిది. వచ్చిన కార్డును, కవరును చదివి దానికి గ్రుచ్చెడివారు. తీగ నిండగానే ఇంటి పెద్దలెవరో దానిని దించి, కుశలప్రశ్నల కార్డులను తీసివేసి, శిస్తు రసీదును, మనియార్డరు రసీదును పెట్టెలో భద్రపఱచి, తీగను మరల తగిలించెడివారు. తీగ మూరెడే గనుక ఆ పని తప్పెడిది కాదు. నేటి ఈమెయిలు పెట్టెకు అట్టి హద్దు కంటికి కనబడదు. అందుచేతనే అందు పదివేల యుత్తరములు పేరుకొన్నను మనకు చీమ కుట్టినట్లైన నుండదు.

హద్దు లేకపోలేదు. జీమెయిలు 2004 ఏప్రిల్ 1వ తేదీన వెలువడినపుడు 1 జీబీ చోటిచ్చుటయే లోకమునకు వింతగా తోచెను. ఇప్పుడు ఉచితముగా లభించు చోటు సాధారణముగా 15 జీబీ. అయితే ఇది ఉత్తరములకు మాత్రమే యిచ్చినది కాదు. గూగుల్ డ్రైవులోని కాగితములకును, గూగుల్ ఫొటోలకును కలిపి యిచ్చినది. 2021 జూన్ 1 మొదలు ఎక్కించిన ఛాయాపటములు సాధారణముగా ఈ లెక్కలోనికే వచ్చును. మనుమని అన్నప్రాశన వీడియోలన్నియు అందు దాచుకొన్న యిల్లాలి పెట్టె ఒకనాడు నిండక మానదు. నిండిన పిమ్మట క్రొత్త యుత్తరము లోనికి రాదు, పంపినవారికే తిరిగిపోవును. చోటు లేదను హెచ్చరిక మనకు కనబడును గాని, ఏ యుత్తరము తిరిగిపోయినదో తెలియదు.

అంతకంటె పెద్ద నష్టము మఱియొకటి కలదు. ఎవడో మోసగాడు మన ఖాతానుండి సొమ్ము లాగినచో, బ్యాంకువారు తెలియజేయు ఉత్తరము ఈ పెట్టెలోనికే రావచ్చును. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు జారీచేసిన ఉత్తరువులో, తప్పు మనదిగాని బ్యాంకుదిగాని కానిచోట, ఆ కబురు అందిన మూడు పనిదినములలో బ్యాంకునకు తెలిపిన ఖాతాదారునిపై నష్టభారము లేదని చెప్పబడినది. అంతకు మించి ఆలస్యమైనచో కొంత భారము మనపై పడును. చీరల తగ్గింపు ధరలును, చెప్పుల అంగడివారి శుభాకాంక్షలును ఆ యొక్క యుత్తరమును మూడు దినములు కప్పివేసినచో గతి యేమి? కావున సోదరీమణులారా, పెట్టె సర్దుట ముచ్చటకు చేయు పని కాదు.

పెట్టెలో ఒక్క యుత్తరమైన మిగులరాదని పట్టుపట్టువారు కొందఱు కలరు. అది తీరికగలవారి వేడుక. కావలసిన యుత్తరము కంటబడిన మనకు చాలును.

ఎసరు పొంగుచుండగా మంట తగ్గింపక, పొయ్యిగట్టు తుడుచుచు కూర్చుండు ఇల్లాలుండదు. ఇక్కడను మొదట మంట తగ్గింపవలెను. అనగా, వచ్చు ప్రవాహమును ఆపవలెను. అంగళ్లవారి యుత్తరముపై ‘అన్‌సబ్‌స్క్రైబు’ అను మాట యుండును. దానిని నొక్కినచో వారు పంపుట మానవలెను. పెద్దయెత్తున యుత్తరములు పంపు వ్యాపారులు ఒక్క నొక్కుతో విడిపించుకొను వీలు కల్పింపవలెనని గూగుల్, యాహూ సంస్థలు 2024లో నియమము పెట్టినవి. అయితే ముక్కు మొగము తెలియనివారి యుత్తరములోని ఏ లంకెను నొక్కరాదు. దానిని స్పామని తెలిపి ఊరకుండుటయే మేలు.

పిదప పాతవాని సంగతి. ఒక్కొక్క యుత్తరమును తెఱచి చూచుచు కూర్చున్నచో తెల్లవాఱును. వెదకు గడిలో ఒక యంగడి పేరు వ్రాసి, వచ్చినవానిలో దాచవలసిన రసీదు లేదని చూచుకొని, అన్నిటిని ఒక్కమాఱు తీసివేయవలెను. ఈ పని ఫోనులో విసుగు పుట్టించును, కంప్యూటరుపై సుకరము. తీసివేసినవి చెత్తబుట్టలో 30 దినములుండును. ఆ బుట్టను కూడ ఖాళీచేసినగాని చోటు మిగులదని మఱువరాదు. పెద్ద జతపత్రములుగల యుత్తరములు పట్టుకొనుటకు ఒక చిట్కా కలదు: వెదకు గడిలో ‘లార్జర్’ అను ఆంగ్లపదమును, కోలనును, 10 అంకెను, ఎం అను ఆంగ్లాక్షరమును ఎడములేక వ్రాసినచో 10 ఎంబీకి మించినవే కనబడును. వానిలో పది తీసివేసినచో వేయి చిన్న యుత్తరములు తీసివేసినదానికంటె ఎక్కువ చోటు రావచ్చును.

‘ఆర్కైవు’ అనునది వేఱు. అది ఉత్తరమును కంటియెదుటినుండి అటకమీదికి చేర్చునే గాని పాఱవేయదు, చోటును మిగులదు. ఏడాది దాటిన సాధారణోత్తరములను అటకకెక్కించి, కావలసినపుడు వెదకి దించుకొనవచ్చును. బీమా, పన్ను, బ్యాంకు, వైద్యము, పిల్లల చదువు అను నైదు లేబుళ్లు సామాన్య గృహమునకు చాలును. ఇరువది లేబుళ్లు పెట్టినచో ఏది యెందున్నదో వెదకుట మఱియొక పని యగును. బ్యాంకు యుత్తరములు ‘ప్రమోషన్స్’ గదిలోనికి పోవుచున్నచో, వానిని ముఖ్యమైన గదిలోనికి లాగి యుంచవలెను.

మఱి ఆ పెట్టె ఎవరిది? అనేక గృహములలో పాలసీలు, ఋణపు కాగితములు, విద్యుత్తు బిల్లులు భర్త పెట్టెకే వచ్చును. తాళము ఆయన తలలో నుండును. రెండేండ్లు వాడని వ్యక్తిగత ఖాతాను తీసివేయు హక్కు గూగుల్‌వారు పెట్టుకొన్నారు. ఆయనకేమైన సంభవించినచో ఆ కాగితములును అందులోనే పోవును. దీనికై ఖాతా సెట్టింగులలో ‘ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజరు’ అను నేర్పాటు 2013 నుండి కలదు. ఇన్ని నెలలు ఖాతా కదలనిచో ఎవరికి తెలుపవలెనో, ఏమేమి యప్పగింపవలెనో ముందే వ్రాసియుంచవచ్చును. పదిమంది వఱకు పేర్లీయవచ్చును. ఈ మాట అపశకునమని విసుగుకొను పురుషులుందురు. ఆదివారమునాడు ఆయన ఫోనును, మీ ఫోనును ప్రక్కప్రక్కనుంచుకొని, మీ పేరు ఆయన ఖాతాలోను, ఆయన పేరు మీ ఖాతాలోను చేర్చుకొనుడు. కాఫీ చల్లారక మునుపే ఆ పని ముగియును.