పాలేరును విఱిచిన యంత్రము

మొన్న మా మదీనాగూడ యింటికి మా వారి పూర్వశిష్యులు నలుగురు వచ్చిరి. అందఱును గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీవారు. 1998లో వెలసిన యా విద్యాలయమున బి.టెక్. చదువుచునే పరిశోధనయుఁ జేయవచ్చును. పేరు, ఊరు, పరిశోధనాంశము వరుసగాఁ జెప్పుకొనిరి. మువ్వురి మాటలు మాకు సగమే తెలిసినవి. నాలవపిల్ల తెలుఁగుసంధులను కంప్యూటరుచే విడఁదీయించుచున్నదఁట. పనివాఁడగు పాలేరును అది 'పాలు, ఏరు' అని విఱిచినదని వాపోయెను. మేము నవ్వితిమి. చిన్నయసూరి 1858లోఁ బ్రకటించిన బాలవ్యాకరణము మా తండ్రిగారు అరుగుపైఁ గూర్చుండఁబెట్టి మాకుఁ జెప్పినదే! వాక్యమంతయుఁ జూడక పదము విఱువరాదంటిమి. ఆ పిల్ల వెంటనే వ్రాసికొని, “అమ్మా, మీ రే కళాశాలలోఁ జదివితిరి?” అనెను. మా వారు తల వంచుకొనిరి.

“ఇంటనే” యంటిమి.

ఆమె పుస్తకము మూయలేదు. మఱి యిరువది పదములు మా ముందుంచెను. ఆనాఁడు వంట ఆలస్యమైనది. మా వా రేమియు ననలేదు.